వస్తాదు బరువు

మొన్న మంగళవారం పొద్దున మా వీధి వస్తాదు పోయాడని కబురొచ్చింది. వినగానే ఏడుపు కాదు, భయం ముంచుకొచ్చింది. రేపటి నుంచి నేను ఎవరిని ఎత్తాలి?

వింతగా ఉందనుకోకండి. చిత్తూరులో నేను వకీలు గుమాస్తాను. కూర్చుని రాయడమే పని. నలభై దాటాక ఒకరోజు, పక్షవాతం వచ్చిన మా అమ్మ దొడ్లో నీళ్లు పోసుకునే బండ దగ్గర జారిపడింది. లేపబోయి నేనూ ఆమె పక్కనే కూలబడ్డాను. పక్కింటాయన వచ్చి ఇద్దర్నీ లేపాడు. అప్పటినుంచి నేను దగ్గరికెళ్తే చాలు, అమ్మ బాగున్న చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకునేది. ఆ చెయ్యి చూస్తే నాకు అన్నం సయించేది కాదు. ఇంట్లో మేమిద్దరమే. మళ్లీ పడితే, పక్కిల్లు తాళం వేసి ఉంటే?

వస్తాదు కసరత్తు నేర్పే గరిడీకి వెళ్లాను. వస్తాదు ఎగాదిగా చూసి దండీలు, బస్కీలు మొదలుపెట్టించాడు. నాకు ఒక్కరోజూ నచ్చలేదు. ఆ ఎర్రమన్ను, ఆ నూనె వాసన, కుర్రాళ్ల ముసిముసి నవ్వులు. కోర్టు మెట్లు దిగుతుంటే తొడలు వణికేవి. నాకిది ఇష్టం లేదని చెప్పాను.

"ఇష్టం ఎవురడిగినారప్పా నిన్ను? వేపాకు కషాయం ఇష్టపడి తాగుతామా? వచ్చినావా, ఎత్తినావా, పో."

కొన్నాళ్లకు రాతిగుండు ఎత్తాను. శభాష్ అంటాడనుకుంటే పెదవి విరిచాడు. గుండుకు భయముండదు, మనిషికి ఉంటుందన్నాడు. తనే చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక కాలూ చెయ్యీ చచ్చుబడ్డట్టు వదిలేశాడు.

"మీయమ్మనే అనుకో. గొంతుక్కూర్చో, నీ ఎదకానించుకో. ఎత్తేముందు చెప్పు. ఆమె ఊ అన్నంకే లెయ్."

దుక్కలాంటి మనిషి. మొదట్లో అంగుళం కదల్లేదు. నెలలు గడిచేకొద్దీ సులువవుతూ వచ్చింది, లోలోపల పొంగిపోయాను. ఆయన చిక్కిపోవడం కనబడకపోలేదు. అడిగితే, కంట్రోలు బియ్యం తిని ఎవురు లావైతారబ్బా అని నవ్వేశాడు. యుద్ధం ముగిసినా కరువు తీరని రోజులు, అందరమూ చిక్కినవాళ్లమే. నమ్మాను. అయినా అమ్మను ఒంటరిగా ఎత్తే ధైర్యం రాలేదు. ఇంకొంచెం బలం రానీ అనుకుంటూ పక్కింటాయన్నే పిలిచేవాణ్ణి.

కడుపులో గడ్డ అట, ఏడాదిగా. మొన్న ఆయన భార్య చెప్పింది. నేనొచ్చే వేళకు నొప్పి ఓర్చుకుని లేచి, మొహం కడుక్కుని కూర్చునేవాడట. ఆ నొప్పి మీదే నేను రోజూ చేతులు వేసి ఎత్తాను.

ఆయన్ను మంచం మీదనుంచి కిందికి దించాలన్నారు. నేనే ముందుకెళ్లాను. గొంతుక్కూర్చుని, అలవాటు కొద్దీ, ఎత్తుతున్నానని చెప్పాను. ఊ అనలేదు. పసిబిడ్డలా చేతుల్లోకి వచ్చేశాడు. ఇన్నాళ్లూ నా బలం పెరిగిందా, ఆయన బరువు తగ్గిందా?

నీవా ఏటి ఒడ్డున అన్నీ అయ్యేదాకా అదే ఆలోచన. ఇంటికొచ్చి స్నానం చేసేసరికి అమ్మ లేపమని సైగ చేసింది. పక్కింటాయన ఇంకా ఏటి దగ్గరే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టె మీదే ఉంది. మంచం పక్కన గొంతుక్కూర్చున్నాను.

"అమ్మా, ఎత్తుతున్నా."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఊ అంది.

అమ్మ బరువు ఏమీ తగ్గలేదు. లేచాను. పట్టె వదిలిన ఆ చెయ్యి నా మెడ చుట్టూ ఉంది.