అడుగున పువ్వు

కువైట్‌లోని సల్వాలో నేను డ్రైవర్‌గా చేసిన ఇంట్లో వంట చేసే అక్కది రాయచోటి. అదే ఇంట్లో ఏడేళ్లు గిన్నెలు కడిగి, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చిన మనిషి.

అతిథులు వస్తున్నారంటే, మేమంతా 'మామా' అని పిలిచే యజమానురాలు ఆమె చేతికి గాజు పళ్లెం ఇచ్చేది. శనగలు రుబ్బిన హమ్మస్, గట్టి పెరుగు, కీరా, టమాటా, ఆలివ్‌లు పొరలు పొరలుగా పరిచి పావుగంటలో ముగించేది అక్క. నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఖాళీ పళ్లెంలో ముందుగా దానిమ్మ గింజలతో, పుదీనా ఆకులతో ఓ పువ్వు పేర్చేది. వెంటనే దాని మీద హమ్మస్ మెత్తేసేది.

"కనపడనిదానికి ఇంత సింగారం ఏంటికక్కా?" అన్నాను.

"సూసేవాళ్లు సూస్తార్లేబ్బా."

ఎవరు చూస్తారు? మామా మెచ్చుకునేది పైన చల్లిన పిస్తాలనే. అతిథుల రొట్టెముక్కలు అడుగుదాకా వెళ్లేవే కావు.

ఒకరోజు విందు అయ్యాక టీ కోసం వంటింట్లోకి వెళ్లాను. అక్క తర్వాత గిన్నెలు కడిగే పనికి వచ్చిన పెద్దామె ఆ ఎంగిలి పళ్లేన్ని లైటు కేసి ఎత్తి, కింది నుంచి గాజులోకి చూస్తోంది.

"ఈపొద్దు చామంతి గదా మే?"

అక్క పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"కాదు పెద్దమ్మా. మళ్లా సూడు."