కాళ్లు వాడని బావ

మా బావ యేసురత్నం కారు నడిపేటప్పుడు కాళ్లు వాడడు. ఇది పొగడ్త అనుకోకండి, ఫిర్యాదు. సీటు మీద బాసింపట్టు వేసుకుని, పంక్తిలో అన్నం కోసం కూర్చున్నవాడిలా కూర్చుంటాడు. ఆ వాలకంతో ఆత్మకూరు బస్టాండు సెంటర్లో కారు దూసుకుపోతుంటే పక్కన కూర్చున్నవాడి గుండె ఎక్కడుంటుందో నాకు బాగా తెలుసు. ఆ పక్కన కూర్చున్నది నేనే.

"బావా, బ్రేకు!"

"బ్రేకుకేం, బంగారంగా ఉండాది."

"కాళ్లు దించు బావా, నీకు పుణ్యముంటుంది!"

"నా కాళ్లు, నా యిష్టం. నోరు మూసుకోని కూర్చో. లేకుంటే దిగి నడువు, నీకూ ఉండాయిగా కాళ్లు!"

ఆయన మాట్లాడే పద్ధతే అంత. ఆత్మకూరులో మెకానిక్ షెడ్డు పెట్టిన ఇరవై ఐదేళ్ల నుంచి బావ ఎవరితోనూ మామూలుగా మాట్లాడింది లేదు. నట్టు రాకపోతే నట్టును తిడతాడు, వస్తే ఇంతసేపు ఎందుకు రాలేదని తిడతాడు. షెడ్డుకొచ్చిన వాళ్లకు టీ తెప్పించి, "తాగు! తాగకుండా యాడికి పోతావో చూస్తా!" అని గద్దిస్తాడు. మా అక్క సుకుమారి ఆయన్ని కట్టుకుని ఇన్నేళ్లయింది. ఆయన తిట్టని రోజు నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరమేమైనా ఉందా అని చూస్తుంది.

నా తీరు అందుకు పూర్తిగా వ్యతిరేకం. బస్సులో ఎవరైనా నా కాలు తొక్కితే నేనే క్షమించమంటాను. పదిహేనేళ్ల పంతులు ఉద్యోగంలో గొంతు పెంచింది లేదు. నా కోపమంతా కాగితం మీదే. అందుకే ఇదంతా కాగితం మీద పెడుతున్నాను.

ఆ కారు ఫియట్, 1974 మోడల్, మీగడ రంగు. ఉదయగిరిలో ఒక డాక్టరమ్మగారిది. నేను పదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వస్తే ఆమె ఆ కారులోనే మా ఇంటికి వచ్చేది. జ్వరం తగ్గాక ఒకరోజు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "ఒకసారి హారన్ కొట్టుకో సురేంద్రా" అంది. ఒకసారి కొట్టమంటే మూడుసార్లు కొట్టాను. ఆ రోజు నుంచి నాకు ఆ కారు కావాలి. వేరే కారు వద్దు, ఆ కారే కావాలి.

ఆమె పోయాక కారు చాలా ఏళ్లు ఓ రేకుల పాకలో పడి ఉంది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టాయి, ముందు చక్రానికి చెదలపుట్ట లేచింది. ఆమె బంధువులకు రెండేళ్లు ఉత్తరాలు రాశాను. చివరికి, "ఎవరూ అడగని కారు, మీరే తీసుకుపోండి" అని నా పేరున రాసిచ్చారు. ట్రాక్టరుకు తాడు కట్టి ఆత్మకూరుకు లాక్కొచ్చాం. బావతో నా ఒప్పందం ఒక్కటే. డాక్టరమ్మ నాడు కారు ఎట్లా ఉండేదో అట్లాగే ఉండాలి. ఒరిజినల్. ఆ మాట ఆయన చేత మూడుసార్లు అనిపించాను.

న్యాయంగా చెప్పాలి, చేశాడు. ఎనిమిది నెలలు టింకరింగ్, పుట్టీ, రంగు. ఇంజను మొత్తం విప్పి బోరు చేయించాడు. సామాను కోసం నెల్లూరులో పాతసామాను కొట్లన్నీ గాలించి, ప్రతి కొట్టువాడితోనూ తగువు పెట్టుకుని వచ్చాడు. 1996 ఈస్టరు ఆదివారానికి కారు తయారైంది. ఆరాధన అయ్యాక సంఘమంతా చుట్టూ మూగింది. బానెట్టు మీద చెయ్యి వేసి పాస్టరుగారు ప్రార్థన చేశారు. నాకు కళ్లు చెమర్చాయి.

అదే నెలలో నాకు ఉదయగిరిలో నేను పనిచేస్తున్న బడికే హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. జూన్ పదమూడున బడులు తెరుస్తారు. ఆ రోజు నేను ఫియట్లో బడి ముందు దిగాలి. ఈ సంగతి టీచర్లందరికీ చెప్పాను. గేటుకు రెండు రెక్కలుంటే మా బడిలో ఎప్పుడూ ఒకటే తీస్తారు. ఆ రోజు రెండూ తీసిపెట్టమని అటెండరు మస్తానయ్యకు చెప్పాను. తుప్పు పట్టిన గడియకు అతను నూనె కూడా పోశాడు.

"బావా, జూన్ పదమూడు గుర్తుందిగా?"

"ఉండాది! జూన్ పదమూడుకి కారు రోడ్డు మీద ఉంటాది! ఎన్నిసార్లు చెప్పాల?"

ఆ మాట నమ్మి ఇంటికి వెళ్లాను. తర్వాతి ఆదివారం వచ్చి చూస్తే స్టీరింగు పక్కన ఒక ఇనుప రాడ్డు మొలిచి ఉంది. రాడ్డు చివర ఒక పిడి. ఆ పిడిని ఎక్కడో చూసినట్టుంది. సర్వీసుకని నేనిచ్చిన స్కూటరు మూలన నిలబడి ఉంది, కుడిచేతి పిడి లేకుండా.

"ఏంది బావా ఇది?"

"తిప్పితే ఏక్సిలేటరు, నూకితే బ్రేకు."

"కింద పెడళ్లు ఉన్నాయి కదా!"

"ఉండనీ. అయ్యేమన్నా నిన్ను అన్నం పెట్టమని అడిగినాయా?"

ఇంకో వారానికి గేరు రాడ్డుకు బుల్లెట్టు క్లచ్చు లీవరు వచ్చింది. ఇంకో వారానికి డ్రైవరు సీటుకూ తలుపుకూ మధ్య రెండు ఇనుప కొక్కేలు. డాక్టరమ్మ కారుకు కొక్కేలు! నాకు ఒళ్లు మండిపోయింది. అవి గొడుగులకని ఒకరు, అడవిపందుల వేటకు తుపాకులు పెట్టడానికని ఒకరు, సోమశిలలో చేపలు పట్టే గాలపు కర్రలకని ఒకరు ఊహిస్తున్నారు. వీటికేం తగిలిస్తావని నేనే అడిగాను.

"నా కోపం," అన్నాడు బావ. "ఒక కొక్కేనికి పట్టదు. అందుకే రెండు."

ఆ తర్వాతే కాళ్ల సంగతి మొదలైంది. మొదటి పదిరోజులు తువ్వాలుతో రెండు కాళ్లూ కట్టేసుకుని నడిపాడు. తువ్వాలు ఊడుతోందని బాసింపట్టుకు దిగాడు. మోకాళ్లు పోయాయని కొందరు, ఏదో మొక్కుకున్నాడని కొందరు అన్నారు. పాస్టరుగారు ఇది గర్వమని తేల్చి, షెడ్డుకొచ్చి బుద్ధి చెప్పబోయారు.

"యేసురత్నం, దేవుడు కాళ్లిచ్చింది వాడుకోమనే గదా?"

"దేవుడిచ్చింది రెండు కాళ్లు, కారు చేసినోడు పెట్టింది మూడు పెడళ్లు. లెక్క తప్పింది ఆ కారు చేసినోడిది అయ్యగారూ, నన్నంటారేంది? టీ తాగండి!"

పాస్టరుగారు టీ తాగి వెళ్లిపోయారు.

మే నెలలో ఒకసారి ఉదయగిరి దాకా వచ్చాం. ఊరి మొగలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. బావ రాడ్డు నూకాడు. కారు గొర్రెకు జానెడు దూరంలో ఆగింది. నేను కళ్లు తెరిచేసరికి బావ తల బయటపెట్టి గొర్రెలను తిడుతున్నాడు. అక్కడున్న కానిస్టేబులు మాల్యాద్రి పరుగున వచ్చి లోపలికి తొంగిచూశాడు.

"ఏందయ్యా ఇది? కాళ్లు కింద పెట్టు!"

"పెడితే కారు ఆగతాదా? ఆగే ఉండాది గదా!"

మాల్యాద్రికి ఏ సెక్షనూ తోచలేదు. మా బడి టీచర్లు ఇద్దరు టీకొట్టు దగ్గర నిలబడి ఇదంతా చూశారు. కాబోయే హెడ్మాస్టరునైన నేను సీటు కిందికి జారిపోయాను. ఆ రాత్రి బావకు నాలుగు పేజీల ఉత్తరం రాసి, పొద్దున చించేశాను.

జూన్ పన్నెండు సాయంత్రం, కొత్తగా కుట్టించిన ప్యాంటూ షర్టూ సంచిలో పెట్టుకుని ఆత్మకూరులో దిగాను. షెడ్డులో కారు లేదు, బావ లేడు. అక్క నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"కాలేజీ గ్రౌండులో ఉండారు. పో. పోయి చూసి, అప్పుడు అరుద్దువులే."

పోయి చూశాను. గ్రౌండు మధ్యలో బావ కారుకు ఎదురుగా చేతులు చాచి నిలబడ్డాడు. కారు నేరుగా ఆయన మీదికే వస్తోంది.

"రా! ఇంకా రా! బయపడతావేంది? నా మీదికే రా! ఇప్పుడు పట్టు బ్రేకు!"

కారు బావ పొట్టకు బెత్తెడు దూరంలో ఆగింది. స్టీరింగు ముందు సుధారాణి కూర్చుని ఉంది.

షెడ్డుకు ఎదురుగా ఇడ్లీకొట్టు నడిపే కామమ్మ కూతురు సుధారాణి. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. చంకకర్రల మీదే తిరిగి చదువుకుంది, టీచరు ట్రైనింగు పాసయింది. ఆ చంకకర్రలు రెండూ ఇప్పుడు ఆ కొక్కేలకు ఒద్దికగా తగిలించి ఉన్నాయి.

వెనకే వచ్చిన అక్క చెప్పింది. సుధారాణికి టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరు మర్రిపాడు మండలంలో, ఉదయగిరి పోయే రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి. జూన్ పదమూడున చేరాలి. పోస్టింగు ఇచ్చిన ఆఫీసరు ఆమెను పైకీ కిందికీ చూశాడట. "మొదటి రోజు జీపు మాట్లాడుకోని పోతావమ్మా. రెండో రోజు? పోలేనని రాసిచ్చేయ్, వేరేవాళ్లకిస్తాం" అన్నాడట. సరే చూద్దామని ఆమె బస్సు ఎక్కబోయింది. మెట్టు నడుమంత ఎత్తు. ఒక కర్ర పైన పెట్టిందో లేదో డ్రైవరు బస్సు కదిలించాడు.

"నడిరోడ్డు మీద పడింది. మీ బావ ఆ బస్సు ఎనకాల సెంటరు దాకా పరిగెత్తినాడు, తిట్టుకుంటా. ఈస్టరు అయిన మర్నాడు అది. వచ్చి నేరుగా కారు బానెట్టు ఎత్తినాడు."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ ఆఫీసరు మీద, ఆ డ్రైవరు మీద, అందరికన్నా ఎక్కువ బావ మీద.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెప్పి, అది పనిచేయకపోతే? ఊరంతా ఆ పిల్లను చూసి అయ్యో అయ్యో అంటారు. ఆ అయ్యోలు నేను ఇనలేనురా."

"మరి ఆ కాళ్లు మడవడం?"

"ఈ కాళ్లు దొంగయి. ఇరవై ఐదేండ్లు బ్రేకు తొక్కినయ్యి, ఊరికే ఉండమంటే ఉండవు. గొర్రె అడ్డమొస్తే నాకు తెలీకుండానే పోయి తొక్కతాయి. ఇంక చేతి బ్రేకు పనిచేస్తాదో లేదో ఎట్టా తెలస్తాది? వాటి మీద నేనే కూర్చుంటే గానీ నిజం తేలదు."

కారు ముందుకొచ్చి ఆగింది. సుధారాణి కిటికీలోంచి చూసింది. ఆమె కళ్లలో బతిమాలడం ఏమీ లేదు.

"సార్, కారు మీదని నాకు నిన్ననే తెలిసినాది. ఈయన తనదే అన్నాడు. బాగా తిట్టినాను. మీరు దిగమంటే దిగతాను. జీపో, ఎద్దులబండో, ఏదో ఒకటి. ఆ ఊరికి మాత్రం పోతాను."

బావను తిట్టిన మనిషిని నేను చూడడం అదే మొదలు. క్లచ్చు గట్టిగా ఉందని మూడుసార్లు వెనక్కి పంపిందనీ, ఈయన నోరెత్తకుండా మూడుసార్లూ మార్చాడనీ తర్వాత అక్క చెప్పింది. పోయిన వారం బ్రేకు ఇన్‌స్పెక్టరును పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిందట. ఆయన దిగి, లైసెన్సు మీద సంతకం చేసి, మంచినీళ్లు అడిగాడట.

బావ నా దగ్గరికొచ్చాడు. అరవలేదు. అరవకపోయేసరికి నాకు భయమేసింది.

"కారు నీది సురేంద్రా. నువ్వు ఊ అంటే ఈ రాడ్లన్నీ ఇప్పుడే పీకేస్తా. గంట పని. డాక్టరమ్మ కారు డాక్టరమ్మ కారుగానే ఉంటాది."

నేను కారు ఇవ్వనంటానేమో అని ఆయన అనుకున్నందుకు ఇంకా మండింది. నేనట్లా అంటే, డాక్టరమ్మే ఉంటే నా చెవి మెలిపెట్టేది. కానీ నాకు అరవడం రాదు కదా. కారు దగ్గరికి వెళ్లి సుధారాణితో మెల్లగా అన్నాను.

"ఆ ఏక్సిలేటరు పిడి నా స్కూటరుది. జాగ్రత్తగా తిప్పమ్మా."

మర్నాడు పొద్దున్నే కొత్త బట్టలు తొడుక్కుని ఉదయగిరి బస్సెక్కాను. సీటు దొరకలేదు. సగం దూరం వెళ్లామో లేదో వెనక నుంచి హారన్ వినిపించింది, మూడుసార్లు. ఆ హారన్ నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. వంగి చూస్తే మీగడ రంగు. మా డ్రైవరు అద్దంలో చూసి నవ్వి, బస్సును రోడ్డు మధ్యకు తెచ్చాడు. మళ్లీ హారన్. సైడివ్వడు.

నేను డ్రైవరు వైపు తిరిగాను.

"ఏందయ్యా, చెవుడా? ఎనకాల టీచరమ్మ డ్యూటీకి పోతా ఉండాది! సైడియ్యరా! ఇస్తావా, నేనొచ్చి తిప్పనా స్టీరింగు?"

బస్సంతా తలలు తిప్పింది. ఆ గొంతు నాదేనని నమ్మడానికి నాకూ కాస్త సమయం పట్టింది. డ్రైవరు బస్సును ఎడమకు తీశాడు.

ఫియట్ మా పక్కనుంచే వెళ్లింది. సుధారాణి చూపు రోడ్డు మీదే ఉంది, రెండు చేతులకూ తీరిక లేదు. పక్క సీటులో బావ తల బయటపెట్టి నన్ను చూశాడు.

"ఏందిరా బస్సులో ఆ అరుపులు? మర్యాద లేదా?"

కారు నడుపుతున్నది తను కాదు. అయినా కాళ్లు బాసింపట్టులోనే ఉన్నాయి. అదిప్పటికీ పోలేదు. చర్చి బల్ల మీదా అంతే, పెళ్లిలో కుర్చీ మీదా అంతే.

బడి దగ్గర మస్తానయ్య గేటు రెండు రెక్కలూ తీసి నిలబడి ఉన్నాడు. టీచర్లు వరసగా ఉన్నారు. ఆ వెడల్పాటి గేటు మధ్యలోంచి నేను ఒక్కణ్ణే నడిచి వచ్చాను.

"కారేది సార్?"

"డ్యూటీకి పోయింది," అన్నాను.

ఇదంతా జరిగి రెండేళ్లు దాటింది. సుధారాణి ఇంతవరకు ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా పోలేదు. నా స్కూటరు మాత్రం పిడి లేకుండా ఆ షెడ్డులోనే ఉంది. ఎప్పుడు వేస్తావు బావా అని అడిగితే, "నీకుండాయిగా కాళ్లు, నడువు!" అంటాడు.