మా అత్తగారి పందుంపుల్ల

మా అత్తగారి తెల్లటి పళ్ళు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మంట. రోజూ పొద్దున్నే కాలువ రేవులో కూర్చుని, నేను విరిచిచ్చిన వేప పందుంపుల్ల నమిలి, ఎండెక్కేదాకా తోముకునేవారు. ఆ నోటితోనే, పురిటి మంచంలో ఉన్న మా చిన్న తోడికోడలికి ఆంక్ష పెట్టారు.

"బాలింతవి. నోట్లో నీళ్ళు పోసుకుంటే సన్నిపాతం కమ్ముద్ది. పుల్ల ముట్టుకున్నావంటే ఊరుకోను."

కొన్నాళ్ళకే ఆ పిల్ల చిగుళ్ళు చీము పట్టాయి. దవడ వాచింది. జ్వరం వచ్చి దిగలేదు.

అమలాపురం నుంచి జట్కాలో వచ్చిన డాక్టరుగారు నోరు తెరిపించి చూసి మండిపడ్డారు.

"ప్రసవంతో ఒళ్ళు ముందే డీలా పడిందండీ. కోలుకోడానికి కావాల్సిన శక్తంతా ఈ చీముతో పోరాడ్డానికే సరిపోతోంది. రోజూ ఉప్పునీళ్ళతో నోరు కడిగించండి."

"ఆయ్, అలాగేనండీ" అన్నారు అత్తగారు. బండి కదలగానే నేను కాచిన ఉప్పునీళ్ళు పెరట్లో పారబోశారు.

ఆ పిల్ల దక్కలేదు. శవం మీద పడి అత్తగారు నోరారా ఏడ్చారు. నాకు పళ్ళే కనిపించాయి.

మర్నాడు పొద్దున రేవులోంచి కేకేశారు, పుల్ల తెమ్మని. ఉత్త చేతులతో వెళ్ళి నిలబడ్డాను.

"నోట్లో నీళ్ళు పోసుకోకండి అత్తయ్యగారూ. సన్నిపాతం కమ్ముద్ది."