పెన్సిలుతో రాసిన గేటు

పోయిన నెల మా తిరువూరులోనే ఒక పెళ్ళికి వెళ్ళాను. చెప్పులు కుర్చీ కింద విప్పి, పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించి కూర్చున్నాను. ముహూర్తానికి ఇంకా టైముంది. వెనక వరసలో ఎవరిదో నీళ్ళ సీసా ఒలికినట్టుంది, తడి నా మడమలకు తగిలి, వేళ్ళ సందుల్లోంచి ముందుకు జారిపోయింది. చూస్తే నీళ్ళు అటూ ఇటూ పోకుండా, దారి తెలిసినట్టు తిన్నగా పెళ్ళిపీటల వైపు పారుతున్నాయి. పక్కన కూర్చున్నావిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, "ఇంత ఖర్చుపెట్టి మండపం కట్టారు, నేల చూడండి ఎంత వంకరగా ఉందో" అని విసుక్కుంది. "వంకర కాదండీ, ఒకప్పుడు అటువైపు సినిమా తెర ఉండేది" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది.

ఆ పెళ్ళి రాఘవయ్యగారి మనవరాలిది. రాఘవయ్యగారు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో దస్తావేజులు రాసేవారు. ఇళ్ళూ పొలాలూ కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ కాగితాలు రాసిపెట్టడం ఆయన పని. డిగ్రీ అయ్యాక టైపు చెయ్యడానికి ఆయన దగ్గర చేరాను. ఇప్పుడు అదే గదిలో అదే పని నేను చేస్తున్నాను. ఆయన పోయి రెండేళ్ళయింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కంప్యూటరును 'నీ పెట్టె' అనేవారు. "నీ పెట్టె ఏమంటోంది అమ్మాయ్?" అని రోజూ పొద్దున్నే అడిగేవారు. అది ఏమన్నా ఆయనకు నచ్చేది కాదు.

చేరిన వారంలోనే చీవాట్లు తిన్నాను. ఒక ఇంటి స్థలం కాగితానికి పాత దస్తావేజు చూసి హద్దులు దింపేశాను. తూర్పు ఫలానావారి ఇల్లు, ఉత్తరం సినిమా హాలు గోడ. ఆయన చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"ఉత్తరం ఏముంది?"

"సినిమా హాలండి."

"ఉందా, ఉండేదా?"

నాకు అర్థం కాలేదు. ఎండలో నన్ను అక్కడికి నడిపించుకుని వెళ్ళారు. ఉత్తరాన సెల్‌ఫోన్ల షాపులున్న రెండంతస్తుల కాంప్లెక్సు ఉంది. హాలు గోడ కాదు కదా, ఒక్క ఇటుక కూడా లేదు. "ఈ కాగితం పట్టుకుని రేపెవడైనా వచ్చి గోడ చూపించమంటే నీ పెట్టె చూపిస్తుందా?" అన్నారు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు చెరుకురసం ఇప్పించారు.

ఆ రోజే ఆయన పొడుగు పుస్తకం మొదటిసారి చూశాను. మా చుట్టుపక్కల ఊళ్ళ పాత కాగితాల్లో సినిమా హాలు హద్దుగా ఎక్కడ కనబడ్డా, ఆ హాలుకు ఒక పేజీ. ఎక్కడ ఉండేది, గేటు ఎటు, ఇప్పుడు అక్కడ ఏముంది, ఎవరు చెప్పారు. యజమాని మారినప్పుడల్లా హాళ్ళ పేర్లు మారేవి కాబట్టి జనం పిలిచే పేర్లే రాసుకునేవారు: రేకుల హాలు, మిల్లు హాలు, గుడారం హాలు. విన్నది పెన్సిలుతో రాసేవారు. వెళ్ళి కళ్ళారా చూశాకే దాని మీద సిరాతో దిద్దేవారు.

ఆదివారాలు నా స్కూటీ మీద వెనక కూర్చుని బయలుదేరేవారు. గంపలగూడెం వైపు ఒక హాలు పత్తి గోడౌనైంది. గోడ పైన సినిమా వేసే మెషీను గది చదరపు కంతలు రెండూ అలాగే ఉన్నాయి, వాటిలో పావురాలు. రెడ్డిగూడెం దగ్గర ఇంకొకదాంట్లో సీజను వస్తే మామిడికాయలు గ్రేడు చేస్తున్నారు. మరొక హాలు కుర్చీలు వెతుక్కుంటూ వెళితే ఒక ప్రార్థన మందిరంలో దొరికాయి. పాస్టరుగారి అనుమతి అడిగి రాఘవయ్యగారు ఒక కుర్చీలో కూర్చున్నారు. "ఇవి బాల్కనీవి అమ్మాయ్. చిన్నప్పుడు నేల టికెట్టు దాటి పైకి ఎక్కలేదు. ఇన్నాళ్ళకు దేవుడు ఎక్కించాడు" అని నవ్వారు. ఎక్కడికి వెళ్ళినా ముందు చెప్పులు విప్పేవారు. హాలు నేల తెర వైపు వాలుతుందనీ, అది కళ్ళకన్నా కాళ్ళకు ముందు తెలుస్తుందనీ అనేవారు. నాకు మొదట్లో ఇదంతా ముసలాయన సరదాలాగే కనబడేది. పైగా పెట్రోలు నాది.

అది సరదా కాదని కరుణమ్మ వచ్చిన రోజు తెలిసింది. వినగడప నుంచి షేరాటోలో వచ్చింది. పత్తి చేలల్లో కూలికి వెళ్ళే మనిషి, భర్త లేడు. పాలిథిన్ కవరులోంచి ఒక పాత దస్తావేజు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ళ అత్తగారు ఎప్పుడో కొన్న నాలుగు సెంట్ల స్థలం అది. పడమటి హద్దు దగ్గర ఇలా ఉంది: 'సినిమా హాలు గేటుకు పోవు బాట.'

"మా పక్క స్థలం కోటేశ్వరరావు గారు రాళ్ళు పాతేశారండి. హాలు గేటు రోడ్డు వైపున్నదంట. అట్టయితే నా స్థలం రోడ్డు పక్కన ఉండాలంట. రోడ్డు పక్కదేమో, రోడ్డు పెంచినప్పుడే పోయింది. ఇప్పుడు నేనున్న ఇల్లు ఆయన స్థలంలో ఉందంటన్నారు" అంది. గొంతులో ఏడుపు లేదు. అప్పటికే ఏడ్చేసినట్టుంది. "వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారు. అంతా ఆయన మాటే అంటన్నారండి."

ఊరి నడిమి ఇళ్ళ స్థలాలకు ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు. కాగితంలో రాసిన నాలుగు హద్దులే ఆధారం. అందులో ఒక్కటి కదిలితే ఇల్లు కదిలినట్టే.

రాఘవయ్యగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిప్పారు. కింద లేఖరి సంతకం ఆయనదే, వయసులో ఉన్నప్పటి గుండ్రటి చేతిరాత. అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి మా ఇద్దరికీ తెలుసు. నెల క్రితం ఆ కోటేశ్వరరావుగారే వచ్చి వినగడప హాలు గేటు ఎటుండేదని అడిగితే, ఈయన గర్వంగా పొడుగు పుస్తకం తెరిచి, సిరాతో ఉన్న పేజీ చూపించి, 'రోడ్డు వైపు' అని చెప్పి పంపారు. ఆ ధైర్యంతోనే ఆయన రాళ్ళు పాతారు.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా. రేపు మేమొస్తాం" అన్నారు కరుణమ్మతో. ఆ సాయంత్రం ఆయన పెద్ద గొంతు ఎటుపోయిందో గాని, గదంతా నా కీబోర్డు చప్పుడే. వెళ్ళేముందు, "అప్పుడు హాలు ఆడుతుండేది అమ్మాయ్. గేటంటే అందరికీ తెలిసిందే కదా అని రాసేశా. హాలు పోతుందని ఎవడనుకున్నాడు?" అన్నారు. అది నాతో చెప్పినట్టు లేదు.

మర్నాడు వినగడపలో పాలకేంద్రం దగ్గర నలుగురు పెద్దవాళ్ళను అడిగాం. నలుగురూ ఒకే మాట. గేటు రోడ్డు మీదే, పక్కన సైకిళ్ళ స్టాండు, ఇటు టికెట్ల కిటికీ. కోటేశ్వరరావుగారు కూడా వచ్చి నిలబడ్డారు. చెడ్డమనిషి కాదు. "నాకు ఆవిడ మీద కక్షేముందండీ? ఉన్నమాట చెప్పండి, రాళ్ళు తీసెయ్యమంటే తీసేస్తాను" అన్నారు. రాఘవయ్యగారు చెప్పులు విప్పి ఆ చోటంతా తిరిగారు. ఇప్పుడది ట్రాక్టర్ల షెడ్డు, నేల ఎప్పుడో చదును చేసేశారు. కాళ్ళకు కూడా ఏమీ తెలియలేదు.

ఇక బయలుదేరదామని కరుణమ్మ ఇంటిముందు స్కూటీ తిప్పుతున్నాను. ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను, "మీ అత్తగారు సినిమాలు చూసేదా?"

"ఎందుకు చూడదండీ! ఈ సందులోంచే పోయేవాళ్ళంట ఆడోళ్ళంతా. రోడ్డు మీద మగోళ్ళూ సైకిళ్ళూ, అటెందుకు పోతారు?"

రాఘవయ్యగారు మజ్జిగ గ్లాసు గోడ మీద పెట్టేశారు. "ఈ సందులోంచి వెళ్ళి ఎలా లోపలికి పోయేవారమ్మా?"

"అది నాకు తెలవదండి. దీనమ్మత్తకు తెలిసిద్ది."

దీనమ్మ చర్చి సందు చివర ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. ఆ హాలులో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపింది ఆవిడే. ఆ సంగతి ఊళ్ళో మగవాళ్ళెవరూ మాకు చెప్పలేదు. దాచి కాదు, వాళ్ళెప్పుడూ ఆ గేటులోంచి వెళ్ళలేదు. లోపల నేల మధ్యలో తడిక అడ్డం, అటువైపు ఆడవాళ్ళు ఎటునుంచి వచ్చారో ఎవరు చూశారు?

"గేటు ఏదంటావేంటయ్యా, ఎదురుగా పెట్టుకుని!" అంది దీనమ్మ. చూపుడువేలుతో తన గేదెను చూపించింది. గేదె కట్టేసి ఉన్న రాతి స్తంభానికి, మోకాలి ఎత్తున ఒకటి, తల ఎత్తున ఒకటి, తుప్పుపట్టిన ఇనప కొక్కేలున్నాయి. గేటు తలుపు వేలాడిన కొక్కేలు. అక్కడినుంచి కరుణమ్మ ఇంటి పడమటి గోడ పక్కగా బాట తిన్నగా వచ్చి సందులో కలుస్తోంది. రాఘవయ్యగారు గేదెను అదిలించి, స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డారు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని బిగ్గరగా చెప్పుకున్నారు. ఆయన గొంతు తిరిగివచ్చినందుకు నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆదివారం పెద్దమనుషుల ముందు ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "ఈ కాగితం రాయించుకున్నది ఆడమనిషి. ఆమె గేటంటే ఆమెకు తెలిసిన గేటే. ఏ గేటమ్మా అని నేను అడగలేదు. స్థలం చూడకుండా గదిలో కూర్చుని రాశాను. నెల కిందట కోటేశ్వరరావుగారికీ సగమే చెప్పాను. తప్పు ఇద్దరిదీ కాదు, నాది" అన్నారు. అరవయ్యేళ్ళు దాటిన మనిషి, ఆ చుట్టుపక్కల ఆయన రాసిన కాగితమంటే తిరుగులేదనే పేరు. ఆ పేరును నలుగురిలో తనే తీసి కింద పెట్టారు. కోటేశ్వరరావుగారు గేదె స్తంభం దాకా నడిచివెళ్ళి చూసివచ్చి, ఆ మధ్యాహ్నమే రాళ్ళు పీకించారు. ఇద్దరి మధ్యా కొత్తగా హద్దుల ఒప్పందం ఒకటి రాశాం. ఈసారి కాగితం కరుణమ్మ అరుగు మీదే రాశారు. 'పాత సినిమా హాలు ఆడవాళ్ళ గేటు రాతి స్తంభం, ప్రస్తుతం దీనమ్మ గేదెను కట్టుచున్నది' అని రాశారు. గేదె సంగతి ఎందుకండీ అంటే, "ఇవాళ ఉన్నది ఇవాళ రాయాలి" అన్నారు.

సోమవారం పొద్దున్న వచ్చీరాగానే 'నీ పెట్టె' ఊసెత్తకుండా పొడుగు పుస్తకం నా ముందు పెట్టారు.

"ఇందులో చెప్పినవాళ్ళ పేర్లు చదువు."

చదివాను. అన్ని పేజీల్లోనూ కలిపి ఒక్క ఆడపేరు లేదు.

"రాత్రి మా ఆవిణ్ణి అడిగా, మన ఊళ్ళో పెళ్ళి మండపమైన హాలుకు మీరెటునుంచి వెళ్ళేవారని. 'ఇన్నేళ్ళ కాపురంలో ఇవాళ్టికి అడిగారా?' అంది." నవ్వుతూనే అన్నారు, "మొదటాటకు ఇద్దరం కలిసే బయలుదేరేవాళ్ళం. వీధి మలుపులో విడిపోయి, ఆట వదిలాక మళ్ళీ మలుపులోనే కలిసేవాళ్ళం. మధ్యలో ఆవిడ ఎటువెళ్ళేదో నాకు తెలియదమ్మాయ్."

అక్కణ్ణుంచి ప్రతి హాలుకూ మళ్ళీ తిరిగాం. ఈసారి పాలకేంద్రాల దగ్గర కాదు, కుళాయిల దగ్గరా, అరుగుల మీదా అడిగాం. కొన్ని దొరికాయి, కొన్నిటికి చెప్పేవాళ్ళే మిగల్లేదు. నాలుగైదు పేజీలు పెన్సిలుగానే ఉండగా ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి, తర్వాత మంచం పట్టారు. పుస్తకం నా చేతిలో పెట్టినప్పుడు జాగ్రత్తలేమీ చెప్పలేదు. పెన్సిలు చెక్కి, అందులోనే పెట్టి ఇచ్చారు.

తలంబ్రాలు అయ్యాక రాజ్యలక్ష్మమ్మగారు, అంటే రాఘవయ్యగారి భార్య, నా పక్కకు వచ్చి కూర్చున్నారు. నా తడి కాళ్ళు చూసి, "నువ్వూ ఆయనలాగే చెప్పులు విప్పుకు కూర్చుంటావేంటే" అన్నారు. ఈ హాలు పేజీ ఉన్న పుస్తకం నా సంచీలోనే ఉంది. ఆడవాళ్ళ గేటు ఎటని అడిగాను. ఆవిడ పట్టుచీర చెంగు దోపుకుని, నా చెయ్యి పట్టుకుని, వంటలు జరుగుతున్న చోటు దాటించి చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరకు తీసుకువెళ్ళారు. అక్కడ గోడలో ఒక మనిషి పట్టేంత మేర ఇటుకలు వేరే రంగులో ఉన్నాయి. పాత గోడలో తర్వాత పూడ్చిన దారి.

"ఇదే. చంకలో పిల్లాణ్ణి వేసుకుని ఇటే వచ్చేదాన్ని. ఆయనకు చూపిస్తానన్నాను, మోకాళ్ళు తగ్గాక వస్తానన్నారు" అని, ఆ ఇటుకల మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. లోపల సన్నాయి గట్టిగా మోగుతోంది.

మర్నాడు గది తెరిచి, పుస్తకంలో ఆ పేజీ తీశాను. ఆయన పెన్సిలు అక్షరాలు కొంచెం వెలిసిపోయాయి: 'ఆడవాళ్ళ గేటు: వెనక సందులో. చెప్పినవారు: నా భార్య రాజ్యలక్ష్మి. ఇంకా చూడలేదు.' పెన్ను తీసుకుని, ఆయన గుండ్రటి అక్షరాలు దాటిపోకుండా, ఒక్కొక్కటే సిరాతో దిద్దాను. చివరి రెండు మాటలు మాత్రం దిద్దకుండా కొట్టేసి, పక్కన 'చూశాం' అని రాశాను.