మా అత్త దాచుకున్న సగం వాక్యం

ఈ రోజు పొద్దున కూడా మా చర్చి సంఘం వాళ్ల ఫోను గ్రూపులో ‘నేటి ప్రార్థన’ వచ్చింది. రోజూ ఆరింటికల్లా వస్తుంది. వెనక ఒక ఎర్రగులాబీ, ముందు ఒక వాక్యం, కింద నాలుగు మాటల ప్రార్థన, ఆ కింద అందరూ పెట్టే నమస్కారాల బొమ్మలు. ఈ రోజు వాక్యం మనిషి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దేవుడే కాపాడతాడన్నది. పైకి చదవబోయి ఆగాను. అప్పుడే మా ఆయన చెప్పులు వేసుకుని టీ అంగడికి బయలుదేరుతున్నారు. ఆ అంగడి మా వీధి చివరే, గట్టిగా పిలిస్తే వినిపించే దూరం. అయినా నేను ఫోను మీద బొటనవేలు పెట్టి వాక్యంలో రెండో సగం మూసేసి, మొదటి సగం మాత్రమే చదివాను. ఆయన గేటు దగ్గర తలవంచుకుని విని వెళ్లిపోయారు. మా కోడలు కిసుక్కున నవ్వి, “టీ తాగొచ్చేదానికి కూడా సగమేనా అత్తమ్మా?” అంది. నవ్వనీ. ఆ పిల్ల పెళ్లై వచ్చేనాటికి మా వైపు బోర్లు పడ్డాయి, బావుల్లోకి మనుషులు దిగే కాలం పోయింది.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో. మా నాయన గ్యాంగుమాను. మా ప్రార్థనలు కూడా రైళ్లలాగే ఉండేవి, మొదలైతే ఆఖరి మాట దాకా ఆగేవి కావు. ఆదివారం బడిలో ఒక అధ్యాయం మొత్తాన్ని ఊపిరి తీయకుండా అప్పజెప్పినందుకు నాకు ఒకసారి స్టీలు గ్లాసు బహుమతిగా ఇచ్చారు. ఆ గ్లాసూ, ఆ గర్వమూ రెండూ పెట్టెలో పెట్టుకుని, డెబ్బైల చివర్లో కంబదూరు దగ్గరి ఒక పల్లెకు కోడలినై వచ్చాను. వచ్చిన మొదటిరోజే మా అత్త నా గర్వాన్ని తీసి అటక మీద పెట్టింది. ఆమెకు అక్షరం రాదు. వాక్యం చెప్పడానికి ఊరూరూ తిరిగే ఒకామె నోటినుంచి చిన్నప్పుడు విని నేర్చుకున్నదే ఆమెకున్న బైబిలంతా. కాని ఆమె ఆ వాక్యాలను పొయ్యికొకటి, గొడ్డుకొకటి, కుండకొకటి, మనిషికొకటి చొప్పున పంచిపెట్టి ఉంచింది. పైగా ప్రతిదాన్నీ రెండుగా విరిచింది. పని మొదలుపెట్టేటప్పుడు మొదటి సగం, ముగిసినాక రెండో సగం. రెండింటినీ కలిపి చెప్పడమంటే ఆమె దృష్టిలో, ఉడక్కముందే అన్నం వార్చినట్టు.

అన్నమని రాశాను గాని, మా ఇంట్లో అన్నం పండగనాడే. మిగతా రోజులన్నీ రాగిసంగటీ, ఊరిబిండి పచ్చడీ. అందుకని మా అత్త, తనకు నేర్పినామె చెప్పిన అనుదిన రొట్టె అనే మాట తీసేసి, “మా దినదిన సంగటి ఈ పొద్దు మాకు ఇయ్యి తండ్రీ” అనేది. అది మొదటి సగం. తిన్నాక, “ఇచ్చినావు, నీకు స్తోత్రం” అనేది రెండో సగం. నడుమ ఎవరూ లేవకూడదు, పక్కింటివాళ్ల దూడ చేలో పడినా సరే. ఒకసారి ఊళ్లోకి వచ్చిన పాస్టరు అయ్యగారు, అలా వాక్యాన్ని మార్చకూడదమ్మా అని మెత్తగా చెప్పబోయారు. “ఏమయ్యగారూ, ఈడ రొట్టె యాడుండాది? లేనిదాన్ని అడిగితే దేవునికి మాత్రం సిగ్గుగాదా?” అంది. ఆయన సంగటిముద్ద తుంచుకుని నంజుకు తిన్నారే గాని మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వీటన్నిటి వెనకా ఆమెకొక నమ్మకం ఉండేది. దేవుడు తన మాటను సగంలో వదిలిపెట్టడట. సగం వాక్యం ఇంట్లో తెరిచి ఉంటే, మిగతా సగం చెప్పించుకోవడానికైనా మనిషిని ఇంటికి తోలుకొస్తాడట. “సగం ఈడ పెట్టుకో. మిగతా సగానికి వాణ్ణి ఆయప్పే తెస్తాడు,” అనేది. వినడానికి ముచ్చటగా ఉండేది గాని, నాకు మొదటినుంచీ ఆ పద్ధతి భయమే. వానకోసం చెప్పే ప్రార్థన ఒకటుంది, అరచెయ్యంత మబ్బునైనా చూపించమని. దాని మొదటి సగం ఆమె చెప్పి అప్పటికి రెండేళ్లయింది. రెండో సగం చెప్పే యోగం మాకు అప్పటికింకా రాలేదు. సగం చెప్పి వదిలిన వాక్యం ఇంట్లో ఉంటే, పొయ్యిమీద ఏదో పెట్టి మరిచిపోయినట్టు నాకు రోజంతా కాళ్లు నిలిచేవి కావు.

ఆ ఏళ్లలో చెనిక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. బావులు ఎండాయి. బావులున్న రైతులు వాటిని ఇంకా లోతుకు తవ్వించడమొక్కటే మా ఊళ్లో మిగిలిన కూలి. మట్టి అయిపోయి రాయి తగిలాక, రాతికి బెజ్జాలు కొట్టి, తూటాలు కూరి, వత్తులు ముట్టించి పేల్చేవాళ్లు. మా ఆయన ఆ పనికి పోయేవారు. అందరూ పైకి వచ్చేశాక కడపట ఒకడు అడుగున ఉండి వత్తులు ముట్టించి, మోకు పట్టుకుంటే పైనున్నవాళ్లు లాగేవాళ్లు. ఆ కడపటివాడు ఆయనే. మా మామ కూడా బావి పనిలోనే, దరి విరిగి మీదపడి పోయారు. అప్పటికి మా ఆయన చిన్నపిల్లవాడు. పెళ్లికి ముందు ఈ సంగతి మావాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకు కాపురానికొచ్చిన నెలకు నీళ్ల దగ్గర ఒకామె చెప్పింది. మట్టిలోంచి తీసిన మనిషిని ఇంటికి తేకుండా నేరుగా సమాధుల దొడ్డికే తీసుకుపోయారట. అందుకే కాబోలు మా అత్త బావుల వైపు తలెత్తి చూసేది కాదు. సాయంత్రం అందరి రెండో సగాలూ అయిపోయాక మాత్రం గడప వైపు కాసేపు చూస్తూ ఉండేది, పెదవులు కదిలీ కదలనట్టు. ఏదో నములుతోందనుకునేదాన్ని.

ఇంట్లో ప్రార్థనలు పంచేటప్పుడు ఆమె నాకు మా ఆయన వాక్యం ఇచ్చింది. “మొగునిది నువ్వు చూసుకో. నేను మోసింది సాలు,” అంది. పొద్దున ఆయన గడప దాటేటప్పుడు, “నువ్వు పోయే దోవలో దేవుడు నిన్ను కాచును” అనాలి. సాయంత్రం తిరిగొచ్చి గడపలో కాలుపెట్టినాక, “నువ్వు వచ్చే దోవలో దేవుడు నిన్ను కాచును” అనాలి. ఆ రెంటికీ నడుమ మధ్యాహ్నం బావి వైపు నుంచి నాలుగు పేలుళ్లు వినిపించేవి. రోజూ నాలుగే, కొట్టేది నాలుగు బెజ్జాలు కాబట్టి. మొదటిది పేలగానే ఊళ్లో ఆడవాళ్లందరం చేస్తున్న పని ఆపేసేవాళ్లం. నాలుగోది విన్నాక మళ్లీ చీపుర్లు కదిలేవి, రోకళ్లు లేచేవి. నాలుగు వినబడ్డాయంటే కిందికి దిగినా భయం లేదని అర్థం. మూడే వినబడితే ఒక తూటా రాతిలో బతికే ఉందని అర్థం. అప్పుడు దాన్ని చూడటానికి దిగవలసింది ఎవరంటే, ముట్టించినవాడే. ఆ పనివాళ్లలో అదొక కట్టుబాటు.

ఆ రోజు పొద్దున మా ఆయనకు ఆలస్యమైంది. సంగటి గట్టిగా ఉందని ఆయన, రాత్రి ముంతెడు నీళ్లే మిగిల్చింది ఎవరో చెప్పమని నేను, చిన్న రగడ. వీధిలోంచి తోటి కూలీలు కేకలేస్తున్నారు. ఆయన గడపలో నిలబడి, “బిన్నా చెప్పు మే, వాళ్లు పోతాండారు,” అన్నారు. కోపంలో ఉన్న నా నాలుకకు గుంతకల్లు అలవాటు తిరిగొచ్చింది. పోయే సగమూ వచ్చే సగమూ ఒకే ఊపులో చెప్పేసి, చివర ఆమెన్ కూడా తగిలించాను. ఆయన కూడా ఆమెన్ అని ఒక్క ఉరుకులో వెళ్లిపోయారు. ఏం చేశానో నాకు తెలిసేసరికి ఆయన కంపచెట్లు దాటి మలుపు తిరిగారు. మా అత్త దొడ్లో ఆవు దగ్గర ఉంది, వినలేదు.

చదువుకున్నదాన్ని, ఇవన్నీ పెద్దావిడ చాదస్తాలని నాకు నేనే చెప్పుకున్నాను. రెండో నిమిషానికే ఆ ధైర్యం కారిపోయింది. వాక్యం ముగిసింది. ఇంట్లో ఆయన కోసం తెరిచి ఉన్నదేమీ లేదు. ఆయన్ను తోలుకురావడానికి దేవుడికి మా ఇంట్లో పనేమీ మిగల్లేదు. మొదటి సగం మళ్లీ చెబుదామంటే గడపలో మనిషి లేడు. పొయ్యి ముట్టించే ప్రార్థన మరిచాను, కుండ ప్రార్థన మరిచాను, రాగులు చెరుగుతూ సగం నేలపాలు చేశాను. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒకటి పేలింది. రెండు. మూడు. చేట పట్టుకుని నిలబడ్డాను. వీధిలో అందరూ అలాగే నిలబడి ఉన్నారు. ఎక్కడో ఒక మేక అరిచింది. నాలుగోది రాలేదు.

మా అత్త దొడ్లోంచి వచ్చింది. “మూడే గదమ్మే?” అంది. నేను తలూపాను. చెప్పులు కూడా వేసుకోకుండా నడక మొదలుపెట్టింది, నేను వెనకాలే. రెండు మైళ్ల దూరం, కాళ్ల కింద ఎర్రగరుసు కాలిపోతోంది. సగం దారిలో నేనిక ఆపుకోలేకపోయాను. “అత్తా, నేను తప్పు చేసినా. పొద్దున రెండు సగాలూ ఒకేసారి చెప్పేసినా,” అని ఏడ్చాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆమె ఆగి నా ముఖంలోకి చూసింది. పామును చూసినా పక్కకు నెట్టి పోయే మనిషి, ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. మళ్లీ తిరిగి ముందుకంటే వేగంగా నడిచింది. ఆమెకే భయమేస్తే ఇక నాకు దిక్కేదని, ఆమె కొంగు పట్టుకుని పరిగెత్తాను.

బావి గట్టుమీద ఐదారుగురు మగవాళ్లు మోకు పట్టుకుని నిలబడి ఉన్నారు. చేను గలాయన, “రేపు సూద్దాంలేప్పా అంటే ఇనలేదు పెద్దమ్మా. రేపు పనాగితే అందరికీ కూలి పోతాదని దిగినాడు. గట్టిగా మాట్లాడాకండి,” అన్నాడు. మోకు లోపలికి నిటారుగా వేలాడుతోంది. కింద రాతిమీద ఏదో గీరుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగితే భయం, మళ్లీ మొదలైతే ఇంకా భయం. నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ నాకు తెలిసినంతలో మా అత్త మొదటిసారి బావిలోకి తొంగి చూసింది. చూసి నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. “మీ మామది సగం నా కాడ ఉండాది. ఆ పొద్దు పోయేటప్పుడు చెప్పినా. మనిషి ఇంటికి రాలేదు, రెండోది చెప్పలేదు. ఇన్నేండ్లు దాన్ని తెరిచే పెట్టుకోనుండా, ఎట్లయినా ఒగపొద్దుకు తెస్తాడని. ఇప్పుడు దాన్ని నా కొడుక్కు ఇచ్చేస్తాండా.”

సాయంత్రాలు గడప వైపు చూస్తూ ఆమె నమిలేదేమిటో అప్పుడు తెలిసింది. ఆమె పెదవులు బిగించి మోకు వైపే చూస్తూ నిలబడింది. చివరికి మోకు కదిలింది. వాళ్లు లాగారు. ముందు చేతులు, తర్వాత దుమ్ముపట్టిన తల, మనిషి. ముఖం సున్నంలా ఉంది. బావి ఊటకు తడిసి, మంట ఆరిపోయిన వత్తి ముక్క ఆయన చేతిలో ఉంది. “ఏమ్మా, ఈ ఎండకు ఈడికెందుకొచ్చినారు మీరు?” అన్నారు. మా అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి బయలుదేరింది. గడప దగ్గర ఆపింది. తాను ముందు లోపలికి పోయి, ఎదురుగా నిలబడి, ఆయన కాలు లోపల పెట్టాక, “నువ్వు వచ్చే దోవలో దేవుడు నిన్ను కాచును,” అంది. మా ఆయన ఆమెన్ అన్నారు, అది తన తండ్రిదని తెలియకుండానే. ఆమె అక్కడే గోడకు చేరగిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మా మామ పోయింది ఎప్పుడో అయినా, మా అత్త ఆయన్ను సాగనంపింది ఆ మధ్యాహ్నమే.

మర్నాడు పొద్దున మా ఆయన మళ్లీ పనికి బయలుదేరుతుంటే ఆమె నా పక్కకొచ్చి నిలబడింది. “నిదానంగా చెప్పమ్మే. సగమే చెప్పు. ఇంగ ఇచ్చేదానికి నా కాడ ఏమీ లేదు,” అంది. ఆ మాట విన్నప్పుడు పట్టిన భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎనభైల్లో బోరు బండ్లు వచ్చాయి, ఆయన బావులు మానేశారు, ఆ తర్వాత కొన్నేళ్లకు మా అత్త నిద్రలోనే ప్రశాంతంగా వెళ్లిపోయింది. అప్పటికి చాలా ఏళ్ల కిందటే ఆమె సాయంత్రాలు గడప వైపు చూడటం మానేసింది.

ఇది రాస్తుండగా, రెండో సగం మూసిన బొటనవేలి కింద ఫోను రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లూ వెలిగించుకున్నాను. మా కోడలు వంటింట్లోంచి, మామయ్య ఇంకా రాలేదేమని అడుగుతోంది. అందరికీ కాలం గడియారంలో నడుస్తుందట. నాకు మాత్రం నలభై ఏళ్లుగా అది గడపకూ గేటుకూ మధ్యే నిలబడి ఉంది, గేటు చప్పుడైతే తప్ప కదలదు.