చివరి తీగ సుక్రి చేతికి

ప్రొజెక్టర్ దీపం వేడెక్కగానే లోపలి దుమ్ము కాలిన వాసన వస్తుంది. మొన్న అరకులో ఒక సభలో ఆ వాసన ముక్కుకు తగిలింది. తెర మీద నీలిరంగు, మూలన ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు తప్ప మరేమీ లేవు. నిర్వాహకులు వైరు పీకుతున్నారు, మళ్ళీ పెడుతున్నారు, చెమటలు కక్కుతున్నారు. జనం విసుక్కుంటుంటే నేనొక్కణ్ణే నవ్వుకుంటున్నాను. నాకు కామేశ్వరి టీచరు గుర్తొచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డుంబ్రిగుడ దగ్గర ఒక బడిలో నేను కొత్త సైన్సు మాస్టారిని. టీచరు అదే బడిలో నాకన్నా ఇరవయ్యేళ్ళు సీనియర్, విజయనగరం పక్క పల్లెలో రైతుల ఇంటి మనిషి. అప్పట్లో దేవుడితోనూ దెయ్యంతోనూ నాకు రోజూ తగువే. మూఢనమ్మకాల మీద కరపత్రాలు రాసి సంతలో పంచేవాణ్ణి, ఎవరూ చదవలేదని కోప్పడేవాణ్ణి. “సదువు రానోళ్ళకి కాగితమిచ్చి, సదవలేదని తిడతావేటయ్యా?” అని ఆమె పకపకా నవ్వేవారు. ఆమె కరపత్రాలు రాయలేదు. బడికొచ్చిన బరువైన ప్రొజెక్టర్‌ను గొంగళిలో చుట్టి, జీపులో ఒళ్ళో పెట్టుకుని, సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగేవారు.

అవి జ్వరాల రోజులు. మలేరియా ఉందో లేదో తేలాలంటే వేలి చివర ఒక్క చుక్క రక్తం కావాలి. ఆ చుక్కతో ఎవరైనా చేతబడి చేస్తారన్న భయంతో చాలామంది ఇచ్చేవారు కారు. టీచరు ఆ భయాన్ని వెక్కిరించలేదు. సూక్ష్మదర్శినికి చిన్న కెమెరా బిగించి, కెమెరాను కంప్యూటర్‌కు, కంప్యూటర్‌ను ప్రొజెక్టర్‌కు కలిపి, రక్తపు చుక్కలో ఏముంటుందో గోడంత చేసి చూపించేవారు.

మొదటిసారి ఆమెతో వెళ్ళినప్పుడు ఈ తీగలన్నీ కనబడకుండా నేను ఒక దుప్పటి కట్టాను. బొమ్మ ఉన్నట్టుండి ప్రత్యక్షమైతే జనం నోళ్ళు వెళ్ళబెడతారని నా ఆశ. ఆమె ఒక్క గుంజుతో దుప్పటి లాగేశారు. “దాసిపెట్టి సేస్తే నువ్వూ మంత్రగాడివే. పాత మంత్రగాణ్ణి తీసేసి నిన్ను కూకోబెట్టడానికేటి మనం వచ్చింది?” అన్నారు. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి తీగనూ అందరి ముందు కలిపేవారు. ప్రొజెక్టర్‌కు తగిలించే చివరి తీగను మాత్రం, ఆ ఊళ్ళో అందరికన్నా గట్టిగా నమ్మనన్న మనిషి చేతికిచ్చేవారు.

ఒక ఊళ్ళో ఆ మనిషి సుక్రి. ఆమె కూతురికి నాలుగు రోజులుగా చలిజ్వరం. బడిగది కిటికీలకు గోనెలు కట్టి చీకటి చేశాం. ఆరోగ్య కార్యకర్త గాజుపలకలతో సిద్ధంగా కూర్చుంది. వణుకుతున్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని, “రగతం ఇయ్యను. సూసి ఎల్లిపోతాను” అంది సుక్రి. జీపు తిరిగి వెళ్ళే వేళవుతోంది. ఆమె లేచి వెళితే ఆ పిల్లకు మందు లేనట్టే. ఆ తొందరలో చివరి తీగను ఆమెకివ్వకుండా నేనే గుచ్చేశాను.

గోడ మీద నీలిరంగు వెలిగింది, అంతే. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను, మీటలు నొక్కాను, ప్రొజెక్టర్ నెత్తిన తట్టాను.

“ఏటి మాస్టారూ, నీ దేవుడు ఇయ్యాల దిగనంటన్నాడా?” అని వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు.

గదంతా గొల్లుమంది. దేవుడు లేడని అరిచేవాడికి అంతకన్నా పెద్ద అవమానం ఉంటుందా! అందరికన్నా గట్టిగా నవ్వింది మా టీచరే. నవ్వుతూనే టార్చిలైటు తీసి సుక్రి చేతికిచ్చారు. “అమ్మా, నువ్వు సూడు. మా మాస్టారికి కోపమొస్తే కళ్ళు కనబడవు.”

సుక్రి పిల్లను పక్కామె ఒళ్ళో పడుకోబెట్టింది. సూక్ష్మదర్శిని దగ్గర మొదలుపెట్టి, తీగ వెంబడే వేలు నడిపించుకుంటూ ప్రొజెక్టర్ వెనక్కి చేరింది. “ఇక్కడ ఒక్కలాటివే రెండు కన్నాలున్నాయి. ఇదేటి? అదేటి?”

“ఒకదాంట్లోంచి బొమ్మ లోపలికి వస్తాది. రెండోదాంట్లోంచి బయటికెళ్ళి ఇంకో టీవీలో పడతాది” అని టీచరు చెప్పారు.

“ఈ తీగ ఎందులో ఉంది?”

టీచరు వంగి చూశారు. “బయటికెళ్ళేదాంట్లో.”

సుక్రి నా వైపు తిరిగింది. “బొమ్మ లోపలికి రావాలంటే, బయటికెళ్ళే దారిలో పెట్టినావేటి మాస్టారూ?”

తీగ పీకి పక్క కన్నంలో ఆమే పెట్టింది. గోడ నిండా గుండ్రటి కణాలు తేలాయి. అంతకుముందే అందరి ముందూ నా వేలు గుచ్చి తీసిన చుక్క అది. సుక్రి దగ్గరకెళ్ళి, గోడను చేత్తో తడిమి చూసింది.

“ఇది నీ రగతమా? నాదీ ఇలాగే ఉంటాదా?”

“సూస్తే తెలుస్తాది” అన్నారు టీచరు. ‘ఉంటుంది’ అని చెప్పెయ్యడానికి తెరిచిన నా నోరు మూతపడింది.

సుక్రి తన వేలు చాపింది. తన చుక్క గోడ మీద చూసుకున్నాక కూతురి చెయ్యి పట్టుకుని తనే ముందుకు తెచ్చింది. జ్వరం మలేరియాయే. మాత్రలు మొదలుపెట్టారు. తర్వాతి సంతలో, జ్వరం తగ్గిన ఆ పిల్ల నన్ను చూసి, “బయటి కన్నం మాస్టారు!” అని కేకేసి పారిపోయింది. నాలుగేళ్ళ పాటు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నా పేరు అదే.

ఇప్పటికీ నేను వాదిస్తాను, గొంతు పెంచుతాను, ఆ గుణం పోలేదు. కానీ మొన్నటి సభలో లేచి, చివరి వరుసలో చేతులు కట్టుకుని అనుమానంగా చూస్తున్న ఒకామెను ముందుకు రమ్మన్నాను. నిర్వాహకుల దగ్గర తీగ తీసుకుని ఆమె చేతికిచ్చి, నేను పక్కకు జరిగాను.