చూడకుండా కొట్టే మిషను

మొన్న మా ఆడబిడ్డ మనవరాలు సెల్లు పట్టుకుని వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది. కంప్యూటరుకు కీబోర్డు కొనాలట. మామూలుది కాదట, మీట మీటకూ లోపల విడిగా స్ప్రింగు ఉండి, నొక్కితే టకటకమని మోగేదట. అరడజను రకాలు చూపించి, ఒక్కోదాని చప్పుడూ వినిపించి, "అమ్మమ్మా, నాకీ సంగతులేం తెలియవు, తక్కువలో మంచిది ఏదో నువ్వే చెప్పు" అంది. నేను ఇంకా నోరు తెరవలేదు, వంటింట్లోంచి మా ఆడబిడ్డ కేక వేసింది. "ఎవర్నయినా అడుగు గానీ ఆమెను మాత్రం అడగబాకు! ఆమె ఏం కొనుక్కొచ్చిద్దో నాకు తెలుసు!" అని పగలబడి నవ్వింది. నలభై ఏళ్ళయినా ఆ నవ్వు ఆగలేదు. ఆ పిల్లకు సంగతి తెలియదు కనుక చెప్పమని పట్టుబట్టింది. నాకు చదువు రాదు. వయోజన విద్య బడిలో నాలుగు నెలలు కూర్చుని పేరు రాయడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వరకూ నేర్చుకున్నాను. అందుకని నేను చెబుతుంటే అదే రాస్తోంది. నా మాటలు దిద్దవద్దని ముందే చెప్పాను. దిద్దుతూనే ఉంది.

ఇది మా ఆయన పోయిన రెండో ఏటి సంగతి. పత్తికి మందు కొడుతూ కొడుతూ చేలోనే పడిపోయాడు, ఇంటిదాకా రాలేదు. నాకు పిల్లలు లేరు. కోటప్పకొండ దారిలో ఉన్న మా ఊళ్ళో, రెండు గదుల ఇంట్లో, నేనూ మా ఆయన చెల్లెలూ మిగిలాం. నాకంటే పదేళ్ళు చిన్నది. పది పాసై, రోజూ బస్సెక్కి నరసరావుపేట పోయి టైపు నేర్చుకుని, లోయరు పరీక్ష కూడా పాసైంది. మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, మాచర్లలో నాపరాళ్ళ పనిలో ఉండేవారు. సంవత్సరీకం కాగానే ఆయన నాతో తెగేసి చెప్పారు. "ఇద్దరు ఆడోళ్ళు ఏం తిని బతుకుతారమ్మాయ్? పిల్లను నా కాడికి పంపు. ఇంట్లో మీ అక్కకు చేదోడుగా ఉంటది." చేదోడు అంటే ఏమిటో నాకు తెలుసు. అయిదుగురు పిల్లల ఇల్లు అది. ఆ పిల్ల పోతే దాని చదువు అంట్ల కింద పోతుంది, నేను ఆ రెండు గదుల్లో గోడలతో మాట్లాడుకోవాలి. అది సంపాదిస్తే ఇక్కడే ఉండనిస్తారా అని అడిగితే, "సంపాదిచ్చినాక చూద్దాంలే, వేసవి అయినాక వస్తా" అని వెళ్ళిపోయారు.

ఆ వేసవికే ఒక దారి దొరికింది. పేటలో ఒక వకీలు గారు తన వరండాలో ఓ మూల ఇస్తానన్నారు. కాగితాలు టైపు కొట్టి పెట్టాలి, మిషను మాత్రం సొంతది ఉండాలి. కోర్టు సెలవులై తెరిచే రోజుకు మిషనుతో వచ్చి కూర్చోవాలి, లేదంటే ఆ చోటు ఇంకొకరికి. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. మా ఆడబిడ్డ వేళ్ళు ఒక్కచోట ఉండేవి కావు. పళ్ళెం మీద, చేట మీద, పాలు పితికేటప్పుడు గేదె డొక్క మీద కూడా టైపు కొట్టేది. కొడుతూ "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అని గొణిగేది. గేదె వెనక్కి తిరిగి చూసేది. నేను ఒకసారి దానికి టిఫిను ఇవ్వడానికి ఆ టైపు బడికి పోయాను. అక్కడ మిషన్ల మీద మీటలన్నిటికీ తెల్లటి ప్లాస్టరు ముక్కలు అంటించి ఉన్నాయి. ఇదేందే అని అడిగితే, మీటల మీద ఏం రాసుందో చూస్తే మాస్టారు స్కేలుతో వేళ్ళ మీద కొడతాడని చెప్పింది. "చూడకుండానే కొట్టాలి వదినా. ఏముందో వేళ్ళకే తెలియాలి." ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది.

మిషను కొనడానికి, మంచి ధర వచ్చేదాకా అని దాచిన మిరపకాయ బస్తాలు అమ్మేశాను. పాత మిషన్లు బాగుచేసి అమ్మే సాయిబు ఒకాయన పేటలో ఉన్నాడు. "ఆదివారం ఇద్దరం పోదాం వదినా, నేను కొట్టి చూసుకుంటా, తొందరపడబాకు" అంది మా ఆడబిడ్డ. అది చెప్పింది బుధవారం. నాకు బుధవారం రాత్రి నుంచే ఒళ్ళు నిలవలేదు. శనివారం ఎవడో వచ్చి మంచిది ఎత్తుకుపోతే? ఆదివారం సాయిబు కొట్టు తీయకపోతే? బావగారు ముందే దిగితే? గురువారం అది తెలిసినవాళ్ళింట్లో కాయలు ఏరడానికి పోగానే, డబ్బు రొంటిన దోపుకుని, ఒక గోనెసంచీ చంకన పెట్టుకుని బస్సెక్కేశాను.

సాయిబు కొట్లో మూడు మిషన్లు ఉన్నాయి. ఒకటి చిలకపచ్చ రంగు వేసి తళతళలాడుతోంది. ఒకటి కాలు విరిగి ఇటిక మీద ఒరిగి ఉంది. మూడోది నల్లగా, దుమ్ము పట్టి మూలన ఉంది. నాకు మిషన్ల సంగతి ఏం తెలుసు? నాకు తెలిసినదల్లా మిరపకాయ. కళ్ళు మూసుకుని పట్టుకున్నా తాలుకాయ ఏదో గట్టికాయ ఏదో నా వేళ్ళు చెబుతాయి. సరే, అట్లాగే చూద్దామని కూర్చుని ఒక్కో మీటా నొక్కాను. పచ్చదానికి పైన రంగు కొత్తదే గానీ మీటలు అరిగి గుంటలు పడ్డాయి. నాలుగైదు నొక్కితే కిందికి పోయి లేవడానికి బద్ధకించాయి. "అన్నా, దీనికి చీర కట్టావు గానీ ముసల్ది" అన్నాను. సాయిబు నవ్వి, "నీకు టైపు వచ్చా చెల్లెమ్మా?" అన్నాడు. నల్లదాని దగ్గరికి పోయాను. మీటలన్నీ ఒక్క తీరు, ఒక్కటీ అరగలేదు. నొక్కితే గట్టిగా దిగి చప్పున లేచాయి. ఏదో ఆఫీసుకని తెప్పించి, కొట్టేవాళ్ళు లేక మూలన పడేసి అమ్మేశారట. ఇంకో సంగతి, దాని మీది అక్షరాలు నాకు తెలిసినవే. ల ఉంది, మ ఉంది, నా పేరులో మొదటి అక్షరం కూడా ఉంది. చుట్టాన్ని చూసినట్టయింది. సాయిబు మంచివాడు, అడగనే అడిగాడు. "తెలుగేగా అమ్మా కావాల్సింది?" నాకు కోపం వచ్చింది. "తెలుగు గాకపోతే ఏందన్నా? మేము ఏమన్నా దొరలమా?" అన్నాను. ఆయన దుమ్ము తుడిచి, ఏ వేలికి ఏ అక్షరమో అచ్చు వేసిన కాగితం ఒకటి మడిచి లోపల పెట్టి ఇచ్చాడు.

నెత్తిన చుట్టకుదురు ఉంది గానీ మనసుకు కుదురు లేదు. బస్టాండు దాకా పరుగే. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుంట వచ్చినప్పుడల్లా మిషను గంట టింగుమనేది, అది కండక్టరు గంట అనుకుని డ్రైవరు బస్సు ఆపేవాడు. మూడుసార్లు ఆపాక కండక్టరు వచ్చి, "ఎవరమ్మా దిగేది?" అని అరిచాడు. "దిగేది లేదు, మిషను" అన్నాను. "మిషను దిగిద్దా?" అన్నాడు వెనక సీటాయన. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఊరు వచ్చేదాకా నా మొహాన అట్లాగే ఉంది.

మా ఆడబిడ్డ వచ్చేసరికి మిషను పీట మీద పెట్టి పైన కొత్త తువ్వాలు కప్పాను. అది తువ్వాలు తీసింది. ఒక మీట మీద వేలు పెట్టి మళ్ళీ తీసేసింది.

"వదినా, ఇది తెలుగు మిషను."

"అయితే ఏందే? నీకు తెలుగు రాదా?"

"నేను నేర్చుకుంది ఇంగ్లీషు టైపు. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో కొట్టాలి."

"చూడకుండా గదా కొట్టేది! పైన ఏముంటే నీకేంది? నువ్వు ఇంగ్లీషు కొట్టు, ఇంగ్లీషే వచ్చిద్ది!"

అది నా మొహంలోకి చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది, గోడకు ఆనుకుని నవ్వింది, అలాగే జారి కూర్చుని ఏడ్చింది. మీట నొక్కితే దాని పుల్ల చివర పోతపోసి ఉన్న అక్షరమే పడుతుందని, ఇంకోటి పడదని, ఒక కాగితం పెట్టి కొట్టి చూపించింది. అప్పుడు తెలిసింది నాకు. మాస్టారు మూసింది అక్షరాన్ని కాదు, పిల్లల కళ్ళను. "ఆదివారం దాకా ఆగమన్నానా లేదా?" అని ఒక్కటే మాట అంది. ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. తిట్టినా బాగుండేది.

తెల్లవారి ఇద్దరం మోసుకుని సాయిబు దగ్గరికి పోయాం. ఆయన తల పట్టుకున్నాడు. "నేను అడిగానా తల్లీ? దొరలమా అందమ్మా మీ వదిన!" మార్చి ఇస్తానన్నాడు గానీ, కాలు విరిగింది పోను ఇవ్వడానికి ఆ పచ్చదే ఉంది. మా ఆడబిడ్డ కూర్చుని ఇంగ్లీషు ఒక కాగితం కొట్టింది. మీటలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. రెండు అక్షరాలు పడనే లేదు. మళ్ళీ నల్లదాని దగ్గరికి వచ్చి ఊరికే వేళ్ళు ఆడించింది, అడ్డదిడ్డంగా ఏవో అక్షరాలు పడ్డాయి. కాగితం బయటికి లాగి, "మిషను మంచిదే వదినా. మనకే అది రాదు" అంది. సాయిబు నెమ్మదిగా చెప్పాడు. "ఈ ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చినయి గదమ్మా. ఆ ఆఫీసుల కాడ జనం అర్జీలు చేత్తో రాయించుకుంటన్నారు. తెలుగులో కొట్టేవాళ్ళు నాకైతే కనపళ్ళేదు." కనపడలేదంటే పని ఉందనో, అసలు అక్కర్లేదనో ఎవరికి తెలుసు? పచ్చది తీసుకుంటే వకీలు గారి వరండాలో నాలుగు రోజులకే పరువు పోతుంది. నల్లది ఉంచుకుంటే వరండాయే లేదు. "పద" అంది మా ఆడబిడ్డ. నల్లదాన్నే మళ్ళీ నా నెత్తికెత్తింది.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. మా ఆడబిడ్డకు వచ్చిన టైపు దానికే అడ్డమైంది. వేలు ఇంగ్లీషు చోటుకు పోయేది, ఇంకేదో తెలుగు అక్షరం పడేది. అక్షరం ఒక మీట, గుడి ఇంకో మీట, ఒత్తు మరొకటి. "ఇంగ్లీషోళ్ళది ఎంత సులువే!" అని విసుక్కునేది. సాయిబు ఇచ్చిన కాగితం గోడకు అంటించి, నేను కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరం పలికేదాన్ని, అది కళ్ళు మూసుకుని వెతికేది. నేను ఆగి ఆగి పలికితే "గబగబా చెప్పు వదినా" అని, గబగబా చెబితే "ఆగు వదినా" అని నా మీద లేచేది. కోర్టు తెరిచిన రోజు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆ మూలలో ఎవరో కూర్చున్నారని తర్వాత విన్నాం.

అన్నట్టుగానే బావగారు వచ్చారు. మంచినీళ్ళు తాగి, "ఏమే, గుడ్డలు సర్దుకున్నావా?" అన్నారు. మిషను చూసి, "ఎవరంటగట్టారమ్మాయ్ ఈ పాత సామాను?" అన్నారు. నేనే కొన్నానని చెప్పాను. తెలుగుదని కూడా చెప్పాను. ఇక దాచి లాభమేముంది? ఆయన తల ఊపి, మూడింటి బస్సు ఉందని తువ్వాలు దులిపారు. మా ఆడబిడ్డ కదలకుండా, "పెద్దన్నా, నీ స్థలం కాగితం సంగతి ఏమైంది?" అంది. ఆయన ఇంటిస్థలం పట్టా కోసం ఏడాదిగా తిరుగుతున్నారు. ఎవరితోనో ఇంగ్లీషులో కొట్టించుకున్న అర్జీ నకలు, మడతలు చిరిగి, ఎప్పుడూ జేబులోనే ఉండేది. అది తీసి ఇచ్చారు. మా ఆడబిడ్డ దాన్ని చదివి, తల ఎత్తి, "నాయన పేరు ఎవరిదో రాసుంది అన్నా" అంది.

"ఏందీ?"

"నాయన పేరు తప్పు. వేరే ఎవరో ఆయన కొడుకువని రాశారు నిన్ను."

"ఈ కాగితమే గదా నేను మూడు ఆఫీసుల్లో ఇచ్చింది! ఒక్కడూ చెప్పలేదే!" అని ఆయన కూలబడ్డారు. "మరి నేను ఎవరి కొడుకునంట?"

అది మిషనులోకి కొత్త కాగితం ఎక్కించింది. "చెప్పన్నా, మొదట్నుంచి." ఆయన చెప్పారు, అది కొట్టింది. మెల్లగా, ఒక్కో అక్షరం, మధ్యలో నాలుక కరుచుకుంటూ. నేను వాకిట్లోకీ లోపలికీ పదిసార్లు తిరిగాను. మూడింటి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోవడం ముగ్గురం విన్నాం, ఎవరూ లేవలేదు. కాగితం తీసి ఇస్తే బావగారు వెలుతురులోకి పోయి నిలబడి చదువుకున్నారు. అయిదో తరగతి చదువు ఆయనది. వేలు పెట్టి వరస వరసా చదివారు. వాళ్ళ నాయన పేరు దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. ఏడాదిగా మోసిన కాగితంలో ఏముందో తెలియని మనిషి, తన మాటలు తానే చదువుకుంటున్నాడు. చివరికి, "ఇక్కడ ఒత్తు పోయిందే" అన్నారు. మా ఆడబిడ్డ కాగితం లాక్కుని పెన్నుతో ఒత్తు పెట్టింది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అయిదింటి బస్సుకు ఒక్కరే బయలుదేరారు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నావంక చూడకుండా, "దసరా దాకా చూద్దాంలే" అన్నారు. దసరాకు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. మా ఆడబిడ్డ మండలాఫీసు ఎదురుగా రేకుల కింద కూర్చుంది. మొదటి నెల ఒక్కో రోజు ఒక్క కాగితం కూడా కొట్టేది కాదు. ఆ సంగతులు వేరు. ఆ వేళ మాత్రం, బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగకముందే, రేపు ఏం తినాలి, దసరాకు ఏం చెప్పాలి అని నేను వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఈ పూట గట్టెక్కితే చాలు, తర్వాత నిలకడగా బతకొచ్చు అనుకునేదాన్ని. అట్లా ఒక్కో పూటే గట్టెక్కుతూ వచ్చాను. ఆ నిలకడ ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండగానే, ఆ పూటలే నా బతుకంతా అయ్యాయి.